పదో తరగతి లెక్కకు పాతికేళ్ల వయసులో భయమెందుకు?

ఢిల్లీలోని కరోల్ బాగ్‌కు, దాన్ని ఆనుకుని ఉన్న ఓల్డ్ రాజేంద్ర నగర్‌కు ఏటా తెలుగు రాష్ట్రాల నుంచి సివిల్స్ అభ్యర్థులు వస్తుంటారు. ఇంజనీర్లుంటారు, డాక్టర్లుంటారు, బీఏ చదివినవాళ్లుంటారు. రాజ్యాంగం, చరిత్ర, ఆర్థికశాస్త్రం, పర్యావరణం అన్నీ మొదటి నుంచి పట్టుకుంటారు. తెలియని సబ్జెక్టయినా కూర్చుంటే వస్తుందన్న ధీమా వాళ్లకుంటుంది. చాలామందికి ఒక్క చోట ఆ ధీమా సడలుతుంది. అది ప్రిలిమ్స్ రెండో పేపరు. అందరూ సీశాట్ అని పిలిచేది దాన్నే.

సీశాట్‌లో అడిగే లెక్కల స్థాయి ఏమిటో యూపీఎస్సీ తన సిలబస్‌లోనే రాసింది: పదో తరగతి. అంటే శాతాలు, నిష్పత్తులు, సగటు, కాలం-దూరం, సంఖ్యల ధర్మాలు. డిగ్రీ పూర్తిచేసి, వందల పేజీల నోట్సు రాసుకునే ఓపిక ఉన్నవాళ్లు వీటి ముందు ఎందుకు తడబడతారు? దీనికి జవాబు తెలియాలంటే కోచింగ్ సెంటర్ నుంచి పదేళ్లు వెనక్కి, బడికి వెళ్లాలి. లెక్కల్లో మార్కుల తేడా, నమ్మకంలో తేడా రెండూ అక్కడే పుడతాయి. ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ వస్తాయి. ఎలా పెంచుకుంటాయో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సీశాట్ ఏమి అడుగుతుంది?

సీశాట్ 2011లో మొదలైంది. 80 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు. పేరా ఇచ్చి అర్థం అడిగే ప్రశ్నలు, తర్కం, లెక్కలు కలిసి ఉంటాయి. మొదట్లో ఈ మార్కులను కూడా కటాఫ్‌కు లెక్కించేవారు. ఇంజనీరింగ్ వాళ్లకు, ఇంగ్లీషు మీడియం వాళ్లకు ఇది అనుకూలంగా ఉందంటూ 2014లో ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో అభ్యర్థులు పెద్ద ఆందోళన చేశారు. 2015 నుంచి దీన్ని అర్హత పేపరుగా మార్చారు. 33 శాతం, అంటే 66 మార్కులు వస్తే చాలు. అవి రాకపోతే మొదటి పేపరు ఎంత బాగా రాసినా లాభం లేదు. 2023లో వచ్చిన పేపరు సిలబస్ స్థాయిని మించి ఉందంటూ కొందరు అభ్యర్థులు కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్‌ను కూడా ఆశ్రయించారు.

పేపరు కష్టమా కాదా అన్నది వేరే చర్చ. ఆ కష్టం అందరికీ ఒకేలా లేదన్నది మన విషయం. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్‌లో ఎంపీసీ, ఎంఈసీ తీసుకున్నవాళ్లు మరో రెండేళ్లు లెక్కలు చేస్తారు. బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకున్నవాళ్లకు పదో తరగతి పరీక్షే లెక్కలతో ఆఖరి పరిచయం. పదిహేనేళ్లకు మూసిన పుస్తకాన్ని ఇరవై నాలుగేళ్లకు తెరవాల్సి వస్తుంది.

ఇదంతా మరుపేనంటే సరిపోదు. ఎనిమిదో తరగతి చరిత్ర కూడా వాళ్లు మరిచిపోయే ఉంటారు. అయినా చరిత్ర దగ్గర ‘మళ్లీ చదవాలి’ అంటారు. లెక్కల దగ్గర ‘నాకు లెక్కలు రావు’ అంటారు. మొదటి మాట చేయాల్సిన పని గురించి. రెండో మాట తన గురించి తాను ఇచ్చుకున్న తీర్పు. ఆ తీర్పు ఒక్కరోజులో వచ్చింది కాదు.

నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ఒక భావనను ప్రతిపాదించారు. దాన్ని ఆత్మసామర్థ్య విశ్వాసం (ఫలానా పని నేను చేయగలను అన్న నమ్మకం) అనవచ్చు. ఇది పుట్టుకతో వచ్చే ధైర్యం లాంటిది కాదు. మనిషి మొత్తానికి ఒకే కొలతగా ఉండేది కూడా కాదు. వేదికెక్కి గంటసేపు మాట్లాడగల అమ్మాయికి భిన్నాల కూడిక దగ్గర ఈ నమ్మకం ఉండకపోవచ్చు.

ఇది నాలుగు చోట్ల నుంచి వస్తుందని బండూరా చెప్పారు. ఒకటి, స్వయంగా చేసి సాధించిన అనుభవం. రెండు, తనలాంటివాళ్లు చేయగా చూడటం. మూడు, పెద్దవాళ్లు, తోటివాళ్లు అనే మాటలు. నాలుగు, ఆ సమయంలో ఒళ్లు చెప్పే సంగతి: గుండె దడ, చేతుల్లో చెమట. నాలుగింటిలో మొదటిదే బలమైనది. మిగిలిన మూడూ దానికి తోడు మాత్రమే.

ఇప్పుడు సగటు లెక్కల క్లాసును ఈ నాలుగింటితో చూడండి. నలభై, యాభై మంది పిల్లలు. బోర్డు మీద లెక్క పడగానే ముందు బెంచీలో నలుగురు జవాబు చెబుతారు. సార్ తరువాతి లెక్కకు వెళతారు. మిగిలినవాళ్లలో చాలామంది సగం దారిలో ఉంటారు. ఇంకో రెండు నిమిషాలు దొరికితే వాళ్లకూ వచ్చేది. దొరకలేదు కాబట్టి అది ‘చేసిన లెక్క’గా కాక ‘రాని లెక్క’గా మనసులో మిగులుతుంది. తనలాంటివాళ్లు చేయడం వాళ్లు చూడరు, చేసేది ఎప్పుడూ ఆ నలుగురే. ఇంటికొస్తే ‘మన వంశంలోనే లెక్కలు లేవు’ అన్న ఓదార్పు వినిపిస్తుంది. ప్రేమతో అన్న మాటే. అయినా పిల్లవాడు దాన్ని ధ్రువపత్రంలా దాచుకుంటాడు.

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం-2005 కోసం గణిత బోధనను పరిశీలించిన నిపుణుల బృందం దేశంలో లెక్కల చదువులోని సమస్యలను వరుసగా చెప్పింది. మొదటి స్థానం సిలబస్‌కో, ఉపాధ్యాయుల కొరతకో ఇవ్వలేదు. అత్యధిక పిల్లల్లో ఉన్న భయం, ఓడిపోయామన్న భావనలకు ఇచ్చింది.

భయం లెక్కను ఎలా చెడగొడుతుంది?

భయపడితే మార్కులు తగ్గుతాయని అందరూ అంటారు. ఎలా తగ్గుతాయో చూద్దాం. ఒక చిన్న లెక్క: పన్నెండింట ఏడుకు పద్దెనిమిదింట ఐదు కలపాలి. ముందు 12, 18ల కసాగు (రెండింటితోనూ భాగించబడే అతిచిన్న సంఖ్య) కావాలి. అది 36. ఇప్పుడు 36ను 12తో భాగిస్తే 3, కాబట్టి మొదటి లవం 21. 36ను 18తో భాగిస్తే 2, కాబట్టి రెండో లవం 10. రెండూ కలిపితే ముప్పై ఆరింట ముప్పై ఒకటి.

ఇది చేస్తున్నంతసేపు 36ను గుర్తుంచుకోవాలి. 21ని పక్కన పెట్టుకోవాలి. తరువాతి మెట్టు ఏమిటో మరవకూడదు. ఇలా అప్పటికప్పుడు పట్టి ఉంచే శక్తిని వర్కింగ్ మెమరీ (పని నడిచినంతసేపే ఉండే తాత్కాలిక జ్ఞాపకం) అంటారు. దీని జాగా చాలా తక్కువ. ‘తప్పు చేస్తానేమో, అందరూ నవ్వుతారేమో, టైమైపోతోందే’ అన్న ఆలోచనలు కూడా కూర్చునేది అక్కడే. అవి కాస్త చోటు ఆక్రమిస్తే 21 జారిపోతుంది. మళ్లీ మొదటికి వెళ్లాలి. అమెరికాలో మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కర్క్ 2001లో ప్రచురించిన ప్రయోగాలు దీన్నే చూపించాయి. ఎక్కువ అంకెల్ని మనసులో మోయాల్సిన లెక్కల్లోనే ఆందోళన దెబ్బ గట్టిగా తగులుతుంది. ఒంటి అంకెల కూడికలో పెద్ద తేడా ఉండదు.

దీని పర్యవసానం గమనించాలి. ఇంట్లో నిదానంగా చేసిన లెక్కే పరీక్షలో తప్పుతుంది. ‘చేసినదాన్నే మళ్లీ తప్పు చేశావు, శ్రద్ధ లేదు’ అని పెద్దలంటారు. పిల్లవాడికి ఉన్న శ్రద్ధలో సగం భయానికే ఖర్చయిందన్న సంగతి ఎవరికీ కనిపించదు. ఎక్కాలు నోటికి వచ్చిన పిల్లలకు ఇక్కడ నిజంగా లాభముంది. ఎక్కం గుర్తుంటే దాన్ని లెక్కగట్టడానికి ఆ చిన్న జాగా వాడనక్కరలేదు.

ఢిల్లీలో పెరిగే తెలుగు పిల్లలకు మరో బరువు తోడవుతుంది. ఈ నగరంలో తెలుగువాళ్ల చదువు కథ పాతదే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పూనికతో 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడింది. కరోల్ బాగ్ పక్కనే ఉన్న ప్రసాద్ నగర్‌లో కూడా దాని బడి ఉంది. ఇలాంటి కుటుంబాల్లో ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. మూడు వాక్యాల పద సమస్యను ఇంగ్లీషులో చదివి, అర్థం చేసుకుని, అప్పుడు లెక్కలోకి దిగాలి. మూడు భాషలు రావడం పిల్లలకు ఆస్తి. కానీ భాష ఇంకా కుదురుకోని చిన్న తరగతుల్లో ఆ మోత కూడా అదే చిన్న జాగా మీద పడుతుంది. అప్పుడు భాష దగ్గర ఆగిపోయిన పిల్లవాణ్ణి లెక్క రానివాడి కింద జమ కట్టేస్తారు.

తప్పించుకోవడానికి చెల్లించే ధర

నమ్మకం తగ్గినవాడు చేసే మొదటి పని తప్పించుకోవడం. ఇది బద్ధకం వల్ల జరిగేది కాదు. ఎక్కడ ఓడిపోతామో అక్కడికి వెళ్లకపోవడం మనిషి స్వభావం. లెక్కల హోంవర్క్ చివరికి పెడతాడు. పక్కవాడి నోట్సు చూసి రాస్తాడు. డౌటు అడగడు, అడిగితే రాదని తెలిసిపోతుంది కదా. అభ్యాసం తగ్గుతుంది. తగ్గినందువల్ల తరువాతి పరీక్షలో మార్కులు తగ్గుతాయి. ఆ మార్కులు చూసి ‘అనుకున్నట్టే అయింది’ అనుకుంటాడు. నమ్మకం ఇంకో మెట్టు దిగుతుంది.

మిగతా సబ్జెక్టుల్లో ఈ చక్రం ఇంత త్వరగా తిరగదు. మొఘలుల పాఠం రాకపోయినా జాతీయోద్యమం చదువుకోవచ్చు. లెక్కలు గోడ కట్టినట్టు వరస మీద వరసగా వస్తాయి. ఐదో తరగతిలో భాగహారం కుదరకపోతే ఆరులో భిన్నాలు, ఏడులో నిష్పత్తులు, ఎనిమిదిలో బీజగణితం కుదరవు. గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలపై జరిగిన అసర్-2023 సర్వేలో మూడంకెల సంఖ్యను ఒంటి అంకెతో భాగించగలిగినవాళ్లు 43.3 శాతమే. ఇది మూడు, నాలుగు తరగతుల నాటి పని. మిగిలినవాళ్లలో చాలామంది ఆ లోటుతోనే పై తరగతుల పుస్తకాలు మోస్తున్నారు.

చివరి మజిలీ గ్రూపు ఎంపిక. లెక్కలంటే భయం కాబట్టి బైపీసీ, అదీ కాకపోతే సీఈసీ. జీవశాస్త్రం మీద ఇష్టంతో చేరినవాళ్లూ ఉంటారు. బయటి నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. సీబీఎస్ఈలో ఈ మజిలీ ఇంకాస్త ముందే వస్తుంది. 2020 బోర్డు పరీక్షల నుంచి పదో తరగతి గణితంలో స్టాండర్డ్, బేసిక్ అని రెండు పేపర్లు పెట్టారు. సిలబస్ ఒకటే, పాఠం ఒకటే, ప్రశ్నల కష్టంలోనే తేడా. ఒత్తిడి తగ్గించడం దీని ఉద్దేశం, అది మంచిదే. మొదట్లో బేసిక్ రాసినవాళ్లకు పదకొండులో మామూలు గణితం తీసుకునే వీల్లేకుండా నిబంధన ఉండేది. కోవిడ్ తరువాత దాన్ని సడలించారు. నిబంధన సడలినా, పద్నాలుగేళ్ల వయసులో ‘నేను బేసిక్’ అనుకున్న పిల్ల స్టాండర్డ్ దారికి మళ్లీ రావడం అంత తేలిక కాదు.

ఎవరితో పోల్చుకుంటున్నాం?

నమ్మకం మార్కుల నుంచి మాత్రమే రాదు. ఎవరి పక్కన కూర్చున్నామన్న దాని నుంచి కూడా వస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన పరిశోధకుడు హెర్బర్ట్ మార్ష్ 1980లలో దీన్ని వివరంగా చూపించారు. ఒకే సామర్థ్యమున్న ఇద్దరిలో ఒకరు మామూలు బడిలో, మరొకరు గట్టివాళ్లు మాత్రమే ఉన్న బడిలో చేరితే, రెండోవాడికే తన మీద నమ్మకం తక్కువగా ఉంటుంది.

తెలుగువాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. ఊళ్లో లెక్కల్లో మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లవాడు ఇంటర్‌లో పెద్ద కాలేజీ హాస్టల్‌లో చేరతాడు. వారం వారం పరీక్ష, ర్యాంకు, ర్యాంకును బట్టి సెక్షను. రెండు నెలల్లో వాడు ‘నాకు లెక్కలు వచ్చనుకున్నాను’ అనడం మొదలుపెడతాడు. వాడికి వచ్చిన లెక్కల్లో ఒక్కటీ తగ్గలేదు. పోల్చుకునే మనుషులు మారారు, అంతే.

దేశాల మధ్య పోలిక చూస్తే ఇదే సంగతి ఇంకో రూపంలో కనిపిస్తుంది. టిమ్స్ అనే అంతర్జాతీయ గణిత పరీక్షలో జపాన్, దక్షిణ కొరియా పిల్లలు ఎప్పుడూ ముందు వరుసలో ఉంటారు. కానీ లెక్కల్లో నమ్మకం ఉందా అని అడిగితే వాళ్లు వెనక వరుసలో ఉంటారు. అదే ఒక్కో దేశం లోపల చూస్తే, నమ్మకం ఉన్న పిల్లలకే ఎక్కువ మార్కులు. కాబట్టి నమ్మకం ఎంత ఉంటే అంత చదువు అని సూత్రం కట్టలేం. పోటీ ఎక్కువున్న చోట బాగా వచ్చినవాళ్లు కూడా తమను తక్కువగా అంచనా వేసుకుంటారు. మన కార్పొరేట్ హాస్టళ్లు మార్కులు తెచ్చినంత తేలిగ్గా నమ్మకాన్ని తేలేకపోవడానికి ఇదొక కారణం.

అమ్మాయిల తేడా ఎక్కడుంది?

పిసా అనే మరో అంతర్జాతీయ పరీక్ష 2012లో 65 దేశాలు, ప్రాంతాల్లోని పదిహేనేళ్ల పిల్లలను లెక్కలతో పాటు లెక్కల మీద నమ్మకం గురించి కూడా అడిగింది. అభివృద్ధి చెందిన దేశాల్లోనే 59 శాతం మంది లెక్కల క్లాసు కష్టంగా ఉంటుందేమోనని తరచూ దిగులు పడతామన్నారు. లెక్క ముందు నిస్సహాయంగా అనిపిస్తుందన్నవాళ్లు 30 శాతం. అమ్మాయిల్లో ఈ ఆందోళన ఎక్కువ.

ఇందులో చాలా ఉపయోగపడే వివరం ఒకటుంది. మామూలు సమీకరణం ఇచ్చి ‘దీన్ని చేయగలవా’ అని అడిగితే అమ్మాయిలు, అబ్బాయిలు దాదాపు సమానంగా చేయగలమన్నారు. ‘కారుకు పెట్రోలు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టగలవా’ అంటే అబ్బాయిల ధీమా చాలా ముందుకు పోయింది. పెట్రోలు ఖర్చు అంటే మామూలు గుణకార భాగహారాలే. సమీకరణం చేయగల అమ్మాయికి అది రాకపోవడమేముంది? కారు తనకు సంబంధించినది కాదన్న భావన లెక్క మీద పడింది. ఈ గణాంకాల మీద 2015లో వచ్చిన, పిసాను నిర్వహించే ఓఈసీడీ సంస్థ నివేదిక మరో మాట చెప్పింది. ఒకే స్థాయి నమ్మకం, ఒకే స్థాయి ఆందోళన ఉన్న అమ్మాయిలను, అబ్బాయిలను పోల్చి చూస్తే మార్కుల్లో తేడా మాయమవుతోంది.

ఈ భావన పిల్లలకు ఎలా అంటుకుంటుంది? షికాగోలో సియాన్ బైలాక్ బృందం 2010లో ఒకటి, రెండు తరగతుల పిల్లలను ఏడాది పొడవునా గమనించింది. తమకే లెక్కలంటే భయమున్న మహిళా టీచర్ల దగ్గర చదివిన అమ్మాయిల్లో కొందరు ఏడాది చివరికి ‘లెక్కలు అబ్బాయిలవి’ అనే నమ్మకానికి వచ్చారు. అలా నమ్మినవాళ్ల మార్కులే తగ్గాయి. అబ్బాయిల మీద ఆ ప్రభావం కనిపించలేదు. టీచర్లు ఎవరినీ తక్కువ చేసి మాట్లాడి ఉండనక్కరలేదు. తన వంటి మనిషి లెక్క దగ్గర ఎలా ఉంటుందో పిల్ల చూస్తుంది. బండూరా చెప్పిన రెండో మూలం ఇదే.

బజారులో వచ్చిన లెక్క బడిలో ఎందుకు రాదు?

అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో సరుకులమ్మే 1,436 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. పరిశోధకులు కొనేవాళ్లలా వెళ్లి, పిల్లలు మామూలుగా అమ్మని తూకాలు, కొలతలు అడిగారు. ఎక్కువమంది పిల్లలు ధర కట్టి, చిల్లర తిరిగి ఇచ్చారు, అంతా మనసులోనే. అదే స్థాయి లెక్కను, అంతకన్నా తేలికైనదాన్ని కూడా, బడిలో ఇచ్చినట్టు కాగితం మీద ఇస్తే చాలామంది చేయలేకపోయారు. దగ్గరి బడుల్లో చదివే 471 మందిని కూడా పరీక్షించారు. కాగితం మీది లెక్కల్లో వీళ్లు మెరుగు. కానీ బజారు లెక్క ఒకదాన్ని పనిచేసే పిల్లల్లో మూడో వంతుకు పైగా చేయగా, బడి పిల్లల్లో ఒక్క శాతమే చేయగలిగారు.

కరోల్ బాగ్‌లో అజ్మల్ ఖాన్ రోడ్డు బేరాలు చూసినవాళ్లకు మొదటి సగం ఆశ్చర్యం కలిగించదు. రెండో సగం ఆలోచింపజేయాలి. బజారు పిల్లవాడికి తాను చేసేది గణితమని ఎవరూ చెప్పలేదు. కాబట్టి రోజూ గెలుస్తున్నా ఆ గెలుపు అతని ఖాతాలో పడదు. బడి పిల్ల పద్ధతి నేర్చుకుంది కానీ, దాన్ని ఎక్కడ వాడాలో చూపించినవాళ్లు లేరు. ఒకరి దగ్గర నైపుణ్యముంది, నమ్మకం లేదు. మరొకరి దగ్గర మార్కులున్నాయి, వాడుక లేదు. రెండింటినీ కలిపే పని బడి చేయాలి. అర కిలో, ముప్పావు కిలో ధర కట్టే పిల్లవాడితో ‘నువ్వు ఇప్పుడు చేసింది భిన్నాల గుణకారమే’ అని చెప్పి, అతను మనసులో వేసిన మెట్లనే కాగితం మీద రాయిస్తే సగం పని అయినట్టే.

ఢిల్లీ చేసిన ప్రయత్నం

లోటును ఎలా పూడ్చాలన్న ప్రశ్నకు ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. తొమ్మిదో తరగతిలో భారీగా ఫెయిలవుతున్నారని 2016లో ‘చునౌతీ’ పథకం తెచ్చారు. పిల్లలకు ముందస్తు పరీక్ష పెట్టి, చదవడం, లెక్కలు వచ్చినవాళ్లను ‘ప్రతిభ’, వెనకబడ్డవాళ్లను ‘నిష్ఠ’ అనే సెక్షన్లుగా విడదీశారు. 2018లో ‘మిషన్ బునియాద్’ వచ్చింది. మూడో తరగతి నుంచి పై తరగతుల పిల్లలకు చదవడం, ప్రాథమిక గణితం నేర్పడం దాని లక్ష్యం.

దీని వెనకున్న ఆలోచనకు బలమైన ఆధారాలున్నాయి. తరగతిని బట్టి కాకుండా, పిల్లవాడు ప్రస్తుతం ఉన్న స్థాయిని బట్టి బోధించాలన్నది ‘ప్రథమ్’ సంస్థ ఏళ్ల తరబడి అమలుచేసిన పద్ధతి. ముంబై, వడోదరా నుంచి మొదలుపెట్టి అనేక చోట్ల జరిగిన పరీక్షల్లో ఇది ఫలితాలిచ్చింది. కారణం సులభం. భాగహారం రాని పిల్లవాడికి బీజగణితం చెబితే రోజూ ఓడిపోతాడు. తీసివేత దగ్గర మొదలుపెడితే మొదటి రోజే ఏదో ఒకటి సాధిస్తాడు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, గంటసేపు గ్రూపుగా కూర్చోబెట్టడానికి, ఏడాది పొడవునా వేరే సెక్షనులో ఉంచడానికి తేడా ఉంది. గంట గ్రూపులో ఈ నెల తీసివేత, వచ్చే నెల భాగహారం. పిల్లవాడు కదులుతుంటాడు. ఏడాది సెక్షనులో పేరు ఎంత గౌరవంగా పెట్టినా, అది ఎవరి సెక్షనో బడి మొత్తానికి వారంలో తెలిసిపోతుంది. పాఠం స్థాయి సరిపోయి నైపుణ్యం పెరుగుతుండగా, ముద్ర వల్ల నమ్మకం తగ్గే ప్రమాదముంది. కాబట్టి స్థాయిని బట్టి చెప్పడం అవసరమే. ఆ విభజన తాత్కాలికంగా, ఒక్కో అంశానికి వేరుగా, తరచూ మారేలా ఉండాలి.

సీశాట్ మార్కుల్లో వెనకడుగు ధర

ఇప్పుడు మళ్లీ సీశాట్‌కు వద్దాం. నమ్మకం విలువను ఇక్కడ మార్కుల్లోనే కొలవవచ్చు. సరైన జవాబుకు 2.5 మార్కులు. తప్పుకు అందులో మూడో వంతు, అంటే 0.83 కోత. నాలుగు ఐచ్ఛికాలు.

ఏమీ తెలియకుండా నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా జవాబు పెట్టారనుకోండి. సగటున ఒకటి తగులుతుంది, మూడు తప్పుతాయి. వచ్చింది 2.5, పోయింది 2.5. మిగిలింది సున్నా. ఒక్కో ప్రశ్నలో ఒక ఐచ్ఛికం కచ్చితంగా కాదని తేల్చగలిగితే, మూడు ప్రశ్నలకు ఒకటి తగులుతుంది. వచ్చింది 2.5, పోయింది 1.67. మిగిలింది 0.83. రెండు ఐచ్ఛికాలు కొట్టేయగలిగితే రెండు ప్రశ్నలకు 1.67 మిగులుతుంది. సగం తెలిసిన చోట జవాబు పెట్టడమే లాభమని దీని అర్థం.

నమ్మకం లేని అభ్యర్థి ఇక్కడే నష్టపోతాడు. జవాబు సరిసంఖ్య అయి తీరాలని అతనికి తెలుసు, అలా రెండు ఐచ్ఛికాలు పోయాయి కూడా. అయినా ‘లెక్కల్లో నా లక్ నాకు తెలుసు’ అని వదిలేస్తాడు. 26 సరైనవి, ఒక్కటీ తప్పు లేదు: 65 మార్కులు, ఫెయిల్. పక్కవాడివి 30 సరైనవి, 10 తప్పులు: 66.67 మార్కులు, పాస్. అమెరికాలో కేథరిన్ బాల్డిగా 2014లో ప్రచురించిన ప్రయోగం దీనికి దగ్గరిది. చరిత్ర ప్రశ్నలతో పరీక్ష పెట్టి, తప్పుకు కోత ఉంటుందనగానే, అంతే తెలిసిన మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువ ప్రశ్నలు వదిలేశారు. మార్కులూ తగ్గాయి. ధైర్యం ఎక్కువైనా చిక్కే. ఏ ఐచ్ఛికాన్నీ కొట్టేయలేని ప్రశ్నల మీద కాలం పోగొట్టుకోవడం వల్ల లాభం లేదని పై లెక్కే చెబుతోంది. కావలసింది సరైన అంచనా: నాకు ఏది వచ్చు, ఏది సగం వచ్చు, ఏది బొత్తిగా రాదు.

ఏం చేయవచ్చు?

‘నువ్వు చేయగలవు’ అని చెబితే చాలదు. మాట మూడో మూలం మాత్రమే. మొదటి మూలం, అంటే చేసిన అనుభవం, దాని వెనక లేకపోతే పిల్లలు ఆ మాటను నమ్మరు.

తప్పును చూసే తీరు మార్చడంతో మొదలుపెట్టవచ్చు. 302 నుంచి 147 తీసివేస్తే 245 అని ఒక పిల్ల రాసిందనుకోండి. సరైన జవాబు 155. ఎర్ర సిరాతో కొట్టేస్తే ఆమెకు తెలిసేది ‘రాలేదు’ అన్నదొక్కటే. ఎలా చేశావని అడిగితే సంగతి బయటపడుతుంది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసింది: 7లోంచి 2, 4లోంచి 0, 3లోంచి 1. ఆమెకు తీసివేత వచ్చు, క్రమం తప్పలేదు. రానిది అప్పు తెచ్చుకోవడం ఒక్కటే. మధ్యలో సున్నా ఉన్నప్పుడు అది ఇంకా గజిబిజి. ఇప్పుడు నేర్పాల్సింది ఒక్క మెట్టు. ‘నాకు లెక్కలు రావు’ అన్న పెద్ద తీర్పు ‘సున్నా నుంచి అప్పు తేవడం రాదు’ అన్న చిన్న పనిగా మారింది. పని అయితే పూర్తి చేయవచ్చు.

టీచర్లు ప్రశ్న వేశాక కాస్త ఆగి, చేతులెత్తనివాళ్ల పలక కూడా చూడవచ్చు. వేగాన్ని తెలివికి కొలతగా వాడకుండా ఉండవచ్చు. తల్లిదండ్రులు తమ భయాన్ని వారసత్వంగా అప్పగించకుండా ఉండవచ్చు. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ హోంవర్క్‌లో సాయం చేసినప్పుడు పిల్లలు ఏడాది చివరికి తక్కువ నేర్చుకున్నారని 2015లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. రాని చోట ‘ఇది నాకూ తెలియదు, రేపు మీ సార్‌ను అడిగి నాకూ చెప్పు’ అనడం మేలు.

కరోల్ బాగ్‌లో గది తీసుకుని చదువుతున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పాత సీశాట్ పేపర్లు మొత్తంగా రాసి మార్కులు చూసుకుంటే భయమే పెరుగుతుంది. ముందు ఆరు, ఏడు తరగతుల పుస్తకాలు తీసి ఎక్కడ ఆగిపోతున్నారో కనుక్కోవాలి. ఆ వయసులో ఆ పుస్తకం పట్టుకోవడానికి నామోషీ అనిపిస్తుంది. కానీ పునాది దొరికేది అక్కడే. పెద్దయ్యాక భాష అడ్డు ఉండదు, ఓపిక ఎక్కువ. పిల్లలకు ఏడాది పట్టే అధ్యాయాలు వాళ్లకు వారాల్లో పూర్తవుతాయి.

వీటన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పని పదో తరగతి పూర్తయ్యే ముందు ఉంది. గ్రూపు తీసుకునేటప్పుడు ‘లెక్కలు వద్దు’ అని పిల్ల అంటే, ఎందుకని అడిగి ఊరుకోకుండా ఏ పాఠం దగ్గర ఆగిందో కూర్చుని రాయించండి. చాలామందికి ఆ జాబితా భిన్నాలు, రుణసంఖ్యలు, పద సమస్యలు దాటదు. ఒక వేసవిలో తీరే బాకీ అది. అది తీరాక కూడా బైపీసీయే కావాలంటే సంతోషంగా చేర్పించండి. అప్పుడు ఆమె జీవశాస్త్రాన్ని ఎంచుకున్నట్టు. లేకపోతే లెక్కల నుంచి పారిపోయినట్టే.